మా చిన్న రైలు, మావయ్య ఫోటో, తెలుగు వికీపీడియా

నేను పర్లాకిమిడిలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా పరగడుపు శాంపిల్స్ తీయడంతో ఊపిరాడదు. రిపోర్టులన్నీ వెళ్ళిపోయాక మధ్యాహ్నం కాసేపు చేతిలో పనుండదు. తెలుగు వికీపీడియాలో నేను రాసేదంతా ఆ కాసేపట్లోనే. కొత్తగా రాయాలనుకునేవాళ్ళు, అందులోనూ సరిహద్దుకి ఇటువైపు బరంపురంలో, రాయగడలో, గుణుపురంలో ఉన్న మన తెలుగువాళ్ళు, "ఎలా మొదలుపెట్టావు, ఎవరైనా నేర్పారా?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పట్నం ఒడిశాలోకి వచ్చింది, జమీలో కొంత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. ఇప్పుడు మాది గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్ళాలంటే రాష్ట్రం మారాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ల్యాబు రిపోర్టు ఇంగ్లీషు. నేను చదివింది ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు నానమ్మ దిద్దించింది. పేపరు చదవడం వచ్చు గానీ ఒక పేజీ రాయాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. "నాకు తెలుగు సరిగ్గా రాదు, నేనేం రాస్తాను" అనుకునేవాళ్ళుంటే వాళ్ళకి నా కథ పనికొస్తుంది.

నన్ను ఇందులోకి దించింది మా చిన్న రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన లైను అది. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. రెండున్నర అడుగుల గేజి, సుమారు 40 కిలోమీటర్ల దూరం. తర్వాత పొడిగించుకుంటూ పోయి 1931కి గుణుపురం చేర్చారు. 2004లో ఆ రైలు ఆపేసి బ్రాడ్ గేజి వేయడం మొదలుపెట్టారు. 2011కి గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. మా అక్క కొడుకు స్కూలు ప్రాజెక్టు కోసం "పిన్నీ, దీని గురించి తెలుగులో ఏమైనా ఉందా?" అని అడిగితే వెతికాను. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో వాడికి కావలసినంత దొరకలేదు. అలా తిరుగుతుంటే మా పక్క ఊరి పేజీ ఒకటి కనబడింది. అందులో ఊరి పేరులోనే ఒత్తు ఎగిరిపోయింది. పైన "సవరించు" అని ఉంది. నొక్కొచ్చా, నొక్కితే ఎవరికైనా కోపం వస్తుందా అని చిన్న టెన్షన్. నొక్కాను. పేజీ తెరుచుకుంది. ఆధార్ అడగలేదు, డిగ్రీ అడగలేదు. ఒత్తు పెట్టి "ప్రచురించు" కొట్టాను. మారిపోయింది.

ఆ రాత్రే అకౌంటు తెరిచాను. ఇక్కడ రెండు మాటలు. అసలు పేరు పెట్టక్కర్లేదు. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ కలిసిన పేరు మాత్రం పెట్టుకోవద్దు, అది అందరికీ కనబడుతుంది. ఈమెయిల్ ఇవ్వడం తప్పనిసరి కాదు గానీ ఇవ్వండి, పాస్‌వర్డు మర్చిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఆధారం అదే. ఆ ఒక్క అకౌంటుతోనే ఒడియా వికీపీడియాలో, ఇంగ్లీషులో, ఫోటోలు పెట్టే కామన్స్‌లో కూడా లాగిన్ కావచ్చు. (ఒడియా వికీపీడియా మనకంటే ముందుదని అప్పుడే తెలిసింది. అది 2002లో పుట్టింది, తెలుగుది 2003 డిసెంబరులో.)

కాసేపటికే గంట గుర్తు మీద ఎర్ర చుక్క వచ్చింది. ఎవరో నా చర్చ పేజీలో స్వాగతం పెట్టారు (ప్రతి వాడుకరికీ, ప్రతి వ్యాసానికీ మాట్లాడుకోవడానికి ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది). అందులో చదవాల్సిన లింకులు బోలెడు. నిజం చెప్పాలంటే అప్పుడు ఒక్కటీ చదవలేదు. పని చేస్తూ, అవసరమైనప్పుడు ఒక్కోటి తెరిచి చదువుకున్నాను. ఇప్పటికీ కొత్తవాళ్ళకి అదే చెబుతాను. నియమాలన్నీ చదివి మొదలుపెడదాం అనుకుంటే ఎవ్వరూ మొదలుపెట్టరు.

ఫార్మాటింగ్ గురించి పెద్దగా చెప్పను, అది చేతికి తొందరగానే వస్తుంది. రెండు చదరపు బ్రాకెట్ల మధ్య పెడితే లింకు, ఆ పేజీ లేకపోతే ఎర్రలింకు. మీసాల బ్రాకెట్లు రెండేసి పెడితే మూస, అంటే చాలా పేజీల్లో వాడుకునే రెడీమేడ్ ముక్క. పేజీ చివర వర్గాలు. చర్చ పేజీలో రాశాక నాలుగు టిల్డాలు (~~~~) కొడితే సంతకం. ఫోన్లో కూడా చేయొచ్చు గానీ మూసలు, పట్టికలు ఉన్న పేజీలకి కంప్యూటరే మేలు. ప్రయోగాలకి "ప్రయోగశాల" అని ప్రతి వాడుకరికీ సొంత పేజీ ఉంటుంది. చిన్న రైలు పేజీకి నేను కలపాలనుకున్నదంతా ముందు అక్కడే రాసుకున్నాను. ఇంకొకటి, మార్పు చేసిన ప్రతిసారీ కింద "సారాంశం" అనే గడి ఉంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఏం చేశామో, ఎందుకు చేశామో అందులో నాలుగు మాటలు రాస్తే చూసేవాళ్ళకి అనుమానం రాదు. కొత్తవాళ్ళ మార్పులు రద్దు కావడానికి సగం కారణం ఆ గడి ఖాళీగా ఉండడమే అని నా అభిప్రాయం.

ఇంట్లో గొడవ తెచ్చింది మాత్రం మర్యాద సంగతి. తెలుగు వికీపీడియాలో వ్యక్తుల గురించి "గారు", "శ్రీ" లాంటివి పెట్టరు. క్రియ కూడా "జన్మించాడు", "చేసింది" అనే రాస్తారు. ఎంత గొప్పవాళ్ళయినా అంతే. కృష్ణచంద్ర గజపతి పేజీలో చిన్న మార్పు చేస్తున్నాను. ఆయన 1937లో ఒడిశాకి మొదటి ప్రధాని, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. నాన్న వెనక నుంచి తొంగి చూశాడు.

"మహారాజుని పట్టుకుని 'చేశాడు' ఏటమ్మా? ఆయన నీ క్లాస్‌మేటా?"

"ఇక్కడ పద్ధతి అది నాన్నా. గాంధీకైనా అంతే."

"పద్ధతి కాదు, పాపం," అని వెళ్ళిపోయాడు. కాలేజీ ఆయన పేరు మీదే ఉంది, నాన్న అందులోనే చదివాడు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పద్ధతి వెనకున్న తర్కం నాకు నచ్చింది. ఎవరికి "గారు" పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు అని ఒకసారి లెక్క మొదలుపెడితే కులం, పదవి, పార్టీ అన్నీ వచ్చి కూర్చుంటాయి. అయినా మా రాజు దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాయి.

ఇక అసలు విషయం, మూలాలు. నాకు ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే, ఎక్కువ నేర్చుకున్నదీ ఇక్కడే.

గిడుగు రామమూర్తి మా ఊరివాడని మేము చెప్పుకుంటాం. ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. 1880లో మా ఊళ్ళో రాజావారి బడిలో పంతులుగా చేరాడు. సవరల భాష నేర్చుకున్నదీ, వాళ్ళ కోసం బడులు పెట్టించిందీ, వ్యావహారిక భాష కోసం పోరాడిందీ ఇక్కడ ఉన్నప్పుడే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలుస్తుందనగానే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. 1940 జనవరిలో పోయాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో లేనిది ఒకటి మా ఇంట్లో ఉంది. ఆయన మా వీధిలో అద్దెకున్నాడని, సాయంత్రాలు అరుగు మీద సవర పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాటలు రాసుకునేవాడని తాతయ్య చెప్పేవాడు. తాతయ్యకి వాళ్ళ నాన్న చెప్పాడట. ఆ వాక్యం పేజీలో కలిపాను. మర్నాటికి లేదు. సారాంశంలో "మూలం లేదు" అని రెండు ముక్కలు.

ఒళ్ళు మండింది. మా ఊరి సంగతి మాకు తెలియదా, ఎక్కడో హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుందా అనుకుంటూ చర్చ పేజీలో పెద్ద ఉత్తరమే రాశాను. తీసేసిన ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు. మీరు చెప్పింది అబద్ధమని ఎవరూ అనడం లేదు, చదివేవాళ్ళు దాన్ని ఎక్కడ చూసి నిర్ధారించుకోవాలన్నదే ప్రశ్న అన్నాడు. ఎక్కడైనా అచ్చయిందా? పాత పత్రికలో గానీ, జీవిత చరిత్రలో గానీ, సావనీరులో గానీ?

వెతకడం మొదలుపెట్టాను. ముందు మా వీధి పెద్దల్ని అడిగాను. అప్పుడు తేలింది, వెనక వీధి వాళ్ళు కూడా గిడుగు వాళ్ళ వీధిలోనే ఉన్నాడంటారు. రాజవీధి దగ్గర ఇంకో ఇల్లు చూపిస్తారు. మూడు వీధులకీ మూడు అరుగులు, మూడు కథలు, అన్నీ తాతల నోటినుంచి వచ్చినవే. ఏభై అయిదేళ్ళకు పైగా ఈ ఊళ్ళో ఉన్న మనిషి మూడిళ్ళూ మారి ఉండొచ్చు. కానీ అది నా ఊహ. వికీపీడియాలో దాన్ని మౌలిక పరిశోధన అంటారు, ఒప్పుకోరు. నేను ల్యాబులో పనిచేసే మనిషిని. మూలం లేని వాక్యం లేబుల్ లేని శాంపిల్ ట్యూబు లాంటిదని అప్పుడు తట్టింది. రక్తం నిజమైనదే, ఎవరిదో తెలియదు, అంచేత రిపోర్టు ఇవ్వలేం. ఆ వాక్యం ఇప్పటికీ పేజీలో లేదు.

అయినా ఒక మాట అనక తప్పదు. ఈ నియమం మా బోటి ఊళ్ళకి కొంచెం కఠినమైనదే. ఆంధ్రాలో ఒక మండలం గురించి రాయాలంటే జిల్లా ఎడిషన్లు, తెలుగు పుస్తకాలు, ప్రభుత్వ సైట్లు అన్నీ ఉంటాయి. 1936 తర్వాత మా ఊళ్ళో తెలుగువాళ్ళ జీవితం ఎక్కడ అచ్చయింది? శ్రీకాకుళం పేపర్లో సరిహద్దు వార్తగా ఒక మూల వస్తుంది, భువనేశ్వర్ పేపర్లో జిల్లా వార్తగా ఇంకో మూల వస్తుంది. మిగతాదంతా నోటి మాటే. ఆ నోటి మాటలు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. దానికి వికీపీడియా దగ్గర మందు లేదు. ముందు ఎవరో ఒకరు వాటిని పుస్తకంగానో పత్రికలోనో అచ్చు వేయాలి, అప్పుడే అవి వికీలోకి వస్తాయి. మా ఊరి తెలుగు సంఘం పెద్దలతో ఈ మాట అన్నాను. వాళ్ళు ఉగాది సంచికకి పాత ఇళ్ళ కథలు రాయిస్తామన్నారు, చూడాలి.

ఇదే వెతుకులాటలో నాకు అనుకూలమైన సంగతి ఒకటి బయటపడింది. మూలం తెలుగులోనే ఉండాలని ఎక్కడా లేదు. ఏ భాషలో ఉన్నా నమ్మదగినదైతే చాలు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళలో ఒడియా చదవగలిగినవాళ్ళు తక్కువ. నేను పన్నెండో తరగతి దాకా ఒడియాలోనే చదివాను. ఇన్నాళ్ళూ "తెలుగు మీడియం కాదు" అని దేనికి చిన్నబోయానో, అదే ఇక్కడ చేతికందొచ్చింది. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోవడం, మహేంద్రగిరి మీద గుళ్ళు, కాశీనగర్, గుణుపురం ఊళ్ళ వివరాలు, అన్నిటికీ ఒడియా పత్రికల నుంచి, జిల్లా సైట్ల నుంచి మూలాలు ఇచ్చుకుంటూ పోయాను. ఆంధ్రా, తెలంగాణ పల్లెల పేజీల్లో చాలావాటికి 2011 జనగణన లెక్కలు ఎప్పుడో ఎక్కించారు. సరిహద్దుకి ఇటు ఆ పని చేసేవాళ్ళు లేరు. అందుకే ఇక్కడివాళ్ళు నలుగురు చేరినా తేడా కనబడుతుంది.

పాత విషయాలకి ఇంపీరియల్ గెజిటీర్ బాగా అక్కరకొచ్చింది. 1908లో వచ్చిన 20వ సంపుటంలో పర్లాకిమిడి పేరు మీద విడిగా వివరం ఉంది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, స్కాన్లు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే వందేళ్ళనాటి దొరలు రాసిన మాట అని గుర్తుపెట్టుకుని వాడాలి. గిరిజనుల గురించి వాళ్ళు రాసిన కొన్ని వాక్యాలు చదివితే కడుపులో దేవుతుంది. లెక్కలు, తేదీలు తీసుకుని, అభిప్రాయాలు వదిలేస్తాను.

ఫోటో కథ చెప్పకపోతే మావయ్య ఊరుకోడు. మావయ్యకి బజారులో ఫోటో స్టూడియో ఉండేది, ఇప్పుడు మూసేశాడు. చిన్న రైలు ఆగిపోకముందు స్టేషన్లో పొగ, జనం, కిటికీలోంచి బయటికి వేలాడుతున్న పనసకాయల గోనె, అన్నీ పడేలా ఒక ఫోటో తీశాడు. అది మా హాల్లో గోడ మీద ఉంటుంది. పేజీకి అంతకంటే మంచి బొమ్మ దొరకదు. స్కాన్ చేసి కామన్స్‌లో పెట్టబోతే "సొంత కృతి" అనే ప్రశ్న దగ్గర ఆగాను. నాది కాదుగా. మావయ్యని అడిగితే "పెట్టీయే" అన్నాడు. ఆ మాట చాలదట. ఫోటో గోడ మీద ఎవరికుందన్నది కాదు, తీసింది ఎవరన్నదే లెక్క. తీసినవాళ్ళే ఒప్పుకుంటున్నట్టు చెప్పాలి. దానికి రెండు దారులు. మావయ్య తన పేరుతో అకౌంటు తెరిచి తానే ఎక్కించడం ఒకటి. అనుమతి ఇస్తున్నానని తన ఈమెయిల్ నుంచి కామన్స్ వాలంటీర్లకి ఉత్తరం పంపడం రెండోది.

"నాను తీసిన ఫోటోకి నాను పర్మిషన్ ఇవ్వడమేటే? ఎవుడికి ఇవ్వాల?"

"లోకం మొత్తానికి ఇవ్వాలి మావయ్యా."

"లోకం అంటే? ఎవుడైనా కేలెండరు ఏసుకుని అమ్ముకుంటేనో?"

"అమ్ముకోవచ్చు. నీ పేరు మాత్రం వేయాలి."

ఇది దాచిపెట్టి ఒప్పించకూడదు. ఈ ఫోటోకి మేము ఎంచుకున్న లైసెన్సు సీసీ బై-ఎస్ఏ 4.0. వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కాకపోతే తీసినవారి పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. మావయ్య చాలాసేపు ఆలోచించాడు. పెళ్ళిళ్ళ ఫోటోలకి అడ్వాన్సు కోసం తిరిగిన మనిషి, ఊరికే ఇవ్వడమంటే ఊరికే ఒప్పుకుంటాడా? చివరికి "పేరు ఏత్తారు కదా, సరే" అన్నాడు. అకౌంటు తెరవడం తన వల్ల కాదన్నాడు, ఈమెయిల్ దారి పట్టాం. ఆయన ఈమెయిల్ కొడుకు చేతిలో ఉంది, కొడుకు బెంగళూరులో ఉన్నాడు. ఓటీపీ వాడికి వెళ్తుంది, వాడు మీటింగులో ఉంటాడు. ఆ తంతు వేరు. ఉత్తరం వెళ్ళాక ఒక వాలంటీరు జవాబిచ్చాడు, అసలు నెగటివ్ ఉందా అని కూడా అడిగాడు. ఉంది. ఆ ఫైలు పేజీలో ఇప్పుడు టికెట్ నంబరుతో సహా అనుమతి నమోదై ఉంది.

మావయ్య స్టూడియోలోని మిగతా ఫోటోలు కూడా పెడదామా అని ఆశపడ్డాను. అక్కడ ఇంకో మెలిక. మన కాపీరైటు చట్టం ప్రకారం ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్ళది. స్టూడియోవాడిది కాదు. కాబట్టి పెళ్ళిళ్ళు, గ్రూపు ఫోటోలు, కాలేజీ వీడ్కోలు ఫోటోలు మావయ్య ఇవ్వలేడు. తన సరదాకి తీసుకున్నవి మాత్రమే ఇవ్వగలడు. ఇది విని ఆయన "నలభయ్యేళ్ళు నెగటివులు దాసినాను, ఏవీ నావి కావా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

కొటియా పేజీ దగ్గర ఇంకో రకం చదువు. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ, ఆంధ్రాలో సాలూరు వైపుకీ మధ్య కొండల మీద ఉన్న ఊళ్ళు అవి. వాటిలో 21 ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 2006లో కోర్టు ఆ దావాని ముగించింది, తగువు మాత్రం ముగియలేదు. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే మళ్ళీ కోర్టు మెట్లెక్కారు. తెలుగు పేపరు చదివితే ఊళ్ళు మనవే, వాళ్ళు ఆక్రమిస్తున్నారు. ఒడియా పేపరు చదివితే ఊళ్ళు వాళ్ళవే, మనం ఆక్రమిస్తున్నాం. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి చదివే నాలాంటివాళ్ళకి నవ్వొస్తుంది. ఈ రెండు "మనం"లలో నేను ఎటు? నాకు రేషను కార్డు ఒడిశాది, మేనత్తలు ఆంధ్రావాళ్ళు.

పేజీలో ఒడిశా వాదన ఉన్న పేరాని లాగిన్ కాని వాడుకరి ఎవరో తీసేశారు. నేను తిరిగి పెట్టాను. మళ్ళీ తీశారు. మళ్ళీ పెట్టబోతుంటే నా చర్చ పేజీలో ఒక పాత వాడుకరి సందేశం పెట్టింది: ఒకే రోజులో ఒకే పేజీని ఇలా తిప్పికొడుతూ పోతే న్యాయం ఎవరి వైపున్నా దిద్దుబాటు యుద్ధమే అవుతుంది, చర్చ పేజీకి రండి అని. మూడు తిరుగుసేతల నియమం వచ్చింది అందుకే: ఒక పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకి మించి తిప్పికొట్టకూడదు. చర్చ పేజీలో నేను రెండు భాషల మూలాలూ పక్కపక్కన పెట్టాను. అవతలివాళ్ళు రాలేదు. చూసినవాళ్ళు ఇద్దరు నా పేరాలో రెండు మాటలు మార్చి ఉంచేశారు. నేను "ఆక్రమించింది" అని రాసినచోట, ఒడిశా అలా ఆరోపిస్తోంది అని మారింది. ఏది ఎవరి మాటో వాళ్ళ పేరు మీదే పెట్టడం, వికీపీడియా గొంతుతో తీర్పు చెప్పకపోవడం. తటస్థ దృక్కోణం గురించి పేజీలకి పేజీలు రాశారు గానీ, చేతికి వచ్చేది ఇలాంటి ఒక్క వాక్యంతోనే.

ఊళ్ళో నేను వికీపీడియాలో రాస్తానని తెలిశాక ఫోన్లు మొదలయ్యాయి. ఒక నాయకుడి మనిషి ల్యాబుకే వచ్చాడు, షుగరు టెస్టు చేయించుకుని, వెళ్తూ వెళ్తూ "మా సార్‌కి ఒక పేజీ పెట్టాల, ఎంత తీసుకుంటారు?" అన్నాడు. పేజీ ఉండాలంటే ఆ మనిషి గురించి సంబంధం లేనివాళ్ళు, నమ్మదగిన చోట, వివరంగా రాసి ఉండాలి. ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్ పోస్టులు లెక్కలోకి రావు. డబ్బు తీసుకుని రాస్తే ఎవరి దగ్గర తీసుకున్నామో బయటపెట్టాలని వికీమీడియా వాడుక నియమాల్లో 2014 నుంచీ ఉంది. ఇదంతా చెబితే "అంత రూల్సా?" అని రిపోర్టు తీసుకుని వెళ్ళిపోయాడు. షుగరు మాత్రం ఎక్కువుంది. మావయ్య కూడా మెల్లిగా "స్టూడియో మీద పేజీ పడదా?" అని అడిగాడు. పడదని చెప్పడం నాయకుడి మనిషికి చెప్పడం కంటే కష్టమైంది.

యంత్రంతో అనువదించి అతికించడం గురించి ఒక్క ముక్క. ఇంగ్లీషు పేజీని మిషనుకి ఇచ్చి తెలుగు చేయించి పెడితే పని అయిపోతుందని కొత్తవాళ్ళకి అనిపిస్తుంది. చదివితే తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంకేదో భాష. పదిహేనేళ్ళ కిందట గూగుల్ అనువాద ప్రాజెక్టు ద్వారా అలాంటి పేజీలు కుప్పలుగా వచ్చిపడ్డాయనీ, వాటిని బాగుచేయడానికి చాలా కష్టపడాల్సి వచ్చిందనీ రచ్చబండలో, అంటే వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీలో, పాత చర్చలు చదివితే తెలుస్తుంది. యంత్రాన్ని వాడొద్దని ఎవరూ అనరు. ప్రతి వాక్యం మనం తిరగరాయాలి, ప్రతి మూలం మనం తెరిచి చూడాలి. అప్పుడు మిగిలే సమయం పెద్దగా ఉండదు. గుణుపురం పేజీకి నేను ఒడియా నుంచి సొంతంగా రాసుకోవడమే తొందరగా అయింది.

రచ్చబండ అన్నాను కదా, సందేహం ఏదైనా అక్కడ అడగొచ్చు. తెలిసినవాళ్ళు జవాబిస్తారు, కొన్నిసార్లు వెంటనే, కొన్నిసార్లు వారానికి. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ చేసేవాళ్ళే, ఎవరికీ జీతం లేదు. కొందరి మాట కొంచెం మొరటుగా ఉంటుంది. ఒకాయన నాకు ఇప్పటికీ ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు, కానీ నేను రాసిన ప్రతి పేజీకీ వర్గాలు సర్ది, ఒత్తులు దిద్ది పోతాడు. అది ఆయన పద్ధతి, నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు నా వీక్షణ జాబితాలో, అంటే మార్పులు గమనించడానికి నేను ఎంచుకున్న పేజీల్లో, చిన్న రైలు, గిడుగు, కొటియా, మహేంద్రతనయ నది, ఇంకా మా చుట్టుపక్కల ఊళ్ళు ఉన్నాయి. కాశీనగర్ పేజీ సగంలో ఆగింది, మార్కెట్ గురించి మూలం దొరకాలి. నిన్న మావయ్య ఫోన్ చేశాడు, అటక మీద ఇంకో డబ్బా నెగటివులు బయటపడ్డాయట, వరదప్పుడు తీసిన మహేంద్రతనయ ఉందట. ఆదివారం వెళ్ళి స్కాన్ చేయాలి. అంతకంటే ముందు ఇద్దరం కూర్చుని ఏది ఎవరో డబ్బిచ్చి తీయించుకున్నదో, ఏది మావయ్య సరదాకి తీసిందో విడగొట్టాలి. పాత రశీదు పుస్తకాలు కూడా దాచి ఉంచాడు కాబట్టి కుదురుతుందనుకుంటున్నాను.